స్టీలు ఫైబర్ గచ్చు: సరుకుకి నాలుగు స్టార్లు, పనికి రెండు

మండపేట దగ్గర మా ధాన్యం గోడౌన్‌కి స్టీలు ఫైబర్ కలిపిన రెడీమిక్స్ పోయించాను. మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. పాత గచ్చు లారీల బరువుకి ముక్కలైపోయింది.

ముందు సరుకు మాట. 60 మిల్లీమీటర్ల తీగముక్కలు, రెండు కొసలూ వంచి ఉన్నాయి. ఘనపు మీటరుకి 25 కిలోలు, అంటే 6 ఘనపు మీటర్ల బండికి 150 కిలోలన్నమాట. తడి కాంక్రీటు బకెట్లో కడిగి చూశాను, ఎక్కడా ఉండ కట్టలేదు. కాంక్రీటు దిమ్మని నొక్కి బలం చూసే క్యూబ్ టెస్టూ పాసైంది. అయితే ఆ కాగితం చూసి మురిసిపోకండి. నొక్కుడు బలం ఫైబర్‌తో పెద్దగా మారదు. దాని అసలు పని పగులు వచ్చాకే, రెండు అంచుల్నీ పట్టి ఉంచడం.

మూడు నెలలకి మొదటి గదిలో లారీ చక్రాల దారి వెంబడే నిలువుగా పగులు వచ్చింది. రెండో గదికి ఏమీ కాలేదు. రెండింటికీ అదే మిక్స్! మురుగుకాలువ కోసం అక్కడ గచ్చు కోయిస్తే సంగతి తెలిసింది. తీగలన్నీ పగులు ఎటు పోయిందో అటే పడుకున్నాయి. అలా పక్కపక్కన పడుకుంటే ఇక అంచుల్ని పట్టేదెవరు?

పంట బోదెలో వరిగడ్డి కొట్టుకుపోతుంటే చూడండి, నీళ్లు పోయే దారినే నిలువుగా సర్దుకుంటుంది. అదే నీళ్లు తూము దాటి మడిలోకి పరుచుకునేచోట అడ్డం తిరుగుతుంది. కాంక్రీటులోనూ అంతే. మొదటి గదిలోకి బండి రాలేదు. గుమ్మం దగ్గరే కుమ్మరించి, ముప్పై అడుగులు పారలతో ఒకే వైపు లాగారు. పైగా కాంక్రీటుని కుదిపి సర్దే వైబ్రేటర్ నీడిల్ ఒకేచోట పెట్టి ఫోన్ మాట్లాడాడు ఒకాయన! రెండో గదికి వెనక తలుపుంది కాబట్టి, బండిని జరుపుకుంటూ నాలుగైదు చోట్ల పోశారు.

చక్రాల దారికి తీగలు అడ్డంగా ఉండాలని పోసినవాళ్ల మేస్త్రికి చెబితే, "ఇనప పుల్లలకి కూడా వాస్తు చూడాలంటారేటండీ" అని నవ్వాడు.

సరుకు మళ్లీ కొంటాను. మూడో గదికి పంపు పెట్టి, గొట్టం జరుపుతూ పోయమన్నాను. "పంపుకి చార్జీ వేరేనండి" అన్నారు. ఆ ముక్క మొదటి గదికే చెబితే అప్పుడే ఇచ్చేవాణ్ణి కదండీ.