విమానంలో బాసినెట్ సీటు తీసుకోవచ్చా?

రాత్రంతా ప్రయాణం, ఒళ్లో 7 నెలల పిల్లాడు. అందుకని బాసినెట్ సీటే, అంటే ఎదురుగోడకి పసిబిడ్డ పడుకునే తొట్టి తగిలించే సీటే, కావాలని పట్టుబట్టాం. ఈ ఏర్పాటు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే కాబట్టి ఎయిర్‌లైన్ పేరుతో పని లేదు.

టికెట్‌తో పాటు అడిగినంత మాత్రాన దొరికినట్టు కాదు. చెక్-ఇన్ కౌంటర్లో అమ్మాయి "రిక్వెస్ట్ ఉందండీ, కన్ఫర్మ్ కాలేదు" అంది చల్లగా. తొట్టి తగిలించే చోట్లు విమానం మొత్తం మీద కొన్నే ఉంటాయి. ముందే ఫోన్ చేసి ఖాయం చేయించుకోవడం మేలు. చివరికి మాకు దొరికింది లెండి.

విమానం పైకి లేచి బెల్టు లైటు ఆరాకే ఆ తొట్టిని తెచ్చి ఎదురుగోడకి బిగిస్తారు. చాలా ఎయిర్‌లైన్స్ 10, 11 కిలోల దగ్గర హద్దు పెడతాయి గానీ, బరువు కన్నా ముందు పొడవే అడ్డొస్తుంది. మావాడు 8 కిలోలే. అయినా కాళ్లు చాపితే అంచుకి తగిలాయి.

అసలు చిక్కు నిద్ర దగ్గరే. విమానం కాస్త ఊగితే చాలు, బెల్టు లైటు వెలుగుతుంది. బిడ్డని తీసి ఒళ్లో కూర్చోబెట్టుకుని, మన బెల్టుకి తగిలించే చిన్న బెల్టు పెట్టాలి. అంతసేపు జోకొట్టి పడుకోబెట్టినవాణ్ణి మెడ కింద చెయ్యి పెట్టి మెల్లగా ఎత్తుతుంటే, ఒక కన్ను తెరిచి నా వంక చూశాడు. ఇంకేముంది, రాగం మొదలు! సిబ్బందిని అనడానికి లేదు, గట్టి కుదుపు వస్తే తొట్టిలో బిడ్డని పట్టి ఉంచేదేమీ ఉండదు.

మరి ఎందుకు తీసుకోవాలంటే, రెండు చేతులూ ఖాళీ అవుతాయి. మా ఆయనా నేనూ ఒకేసారి, వేడిగా ఉండగానే తిన్నాం. పసిపిల్లల తల్లిదండ్రులకి ఇది మామూలు సంగతి కాదు. ఇబ్బందులూ ఉన్నాయి. భోజనం ట్రే ఆర్మ్‌రెస్ట్‌లోంచి వస్తుంది కాబట్టి ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు, ముగ్గురం సర్దుకుని ఒరగడం కుదరదు. విమానం పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ కాళ్ల దగ్గర సంచి ఉంచనివ్వరు. డైపర్లు, వైప్స్, ఒక జత బట్టలు విడిగా చిన్న సంచిలో వేసి పై అరలో అందేలా పెట్టుకోండి.

దిగేటప్పుడు చెవులు పట్టేస్తాయి, అప్పుడు పిల్లలు ఏదో ఒకటి మింగుతూ ఉండాలి. ల్యాండింగ్‌కి అరగంట ముందు నుంచే విమానం దిగుతుంది, కాబట్టి ఒక బాటిల్ పాలు ఆ టైముకి మిగల్చండి. కడుపు నిండి ఉంటే మావాడు బాటిల్ వంక కూడా చూడడు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఇంకా కూర్చోవడం రాని బిడ్డ అయితే మారుమాట లేకుండా తీసుకోండి. పట్టుకుని లేచి నిలబడే పిల్లలకైతే దండగ. పైగా కొన్ని ఎయిర్‌లైన్స్ ఆ వరసకి అదనంగా తీసుకుంటాయి. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి బిడ్డకి విడిగా సీటు కొనడం నయం.