కోఠీలో కొన్న బొమ్మల నిఘంటువు: వీధులకూ భవనాలకూ ఇంగ్లీషు మాటలు

మా తమ్ముడి కూతురు పైచదువుకు ఇంగ్లండు వెళ్లబోతుంటే, అక్కడి వాడుక మాటలు కొంత అలవాటవుతాయని కోఠీలో 250 రూపాయలకు ఒక ఇంగ్లీషు-తెలుగు బొమ్మల నిఘంటువు కొన్నాను. అందులో నగరాన్ని గురించిన అధ్యాయాన్ని ఇద్దరం కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాం కనుక, ఆ అధ్యాయం గురించే రాస్తున్నాను.

బొమ్మలు చాలా బాగున్నాయి. రెండు పేజీల నిండా వేసిన కూడలి బొమ్మలో ఫుట్‌పాత్ అంచున వరుసగా పాతిన రాళ్లను వేరే రంగులో చూపి 'కెర్బ్' అని రాశారు. రోజూ కాలు మోపే ఆ అంచుకు ఇంగ్లీషులో విడిగా ఒక పేరుందని మా అమ్మాయికి అప్పుడే తెలిసింది. నెలవంకలా వంపు తిరిగిన ఇళ్ల వరుసను 'క్రెసెంట్' అంటారని చెప్పడానికి, బాత్ నగరంలో 1767, 1774 సంవత్సరాల మధ్య కట్టిన 30 ఇళ్ల రాయల్ క్రెసెంట్‌ను చూపించారు. ఆ వంపు చూశాక ఆ మాటను ఇక మరచిపోలేం.

అయితే కొత్త మాటల మీద ఇంత శ్రద్ధ పెట్టినవారు, మనకు ముందే తెలుసనుకునే మాటలను పట్టించుకోలేదు. తెలుగువారికి అసలు చిక్కు వచ్చేది వాటితోనే. 'టెర్రస్'కు ఎదురుగా 'డాబా' అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు. బ్రిటన్‌లో 'టెర్రస్డ్ హౌస్' అంటే, పక్కగోడలు ఉమ్మడిగా ఉండి ఒకదానికొకటి అంటుకుని సాగే ఇళ్ల వరుసలో ఒక ఇల్లు. అద్దె ప్రకటనలో ఆ మాట చూసిన మా అమ్మాయి, బట్టలు ఆరేసుకోవడానికి పైన చోటుంటుందని నమ్మి వెళ్లింది. చేరిన రోజే ఫోన్ చేసి, "పెదనాన్నా, పైన ఏటవాలు కప్పు తప్ప ఏమీ లేదు" అని చెప్పింది. 'బంగ్లో' కూడా అంతే. బంగళా అనగానే మనకు విశాలమైన పెద్ద భవనం గుర్తుకొస్తుంది గాని, అక్కడ అది సాధారణంగా మేడ లేని ఇల్లు.

ఏ మాట ఏ దేశానిదో ఎక్కడా చెప్పకపోవడం మరో లోపం. 'పేవ్‌మెంట్' బ్రిటన్‌లో ఫుట్‌పాత్, అమెరికాలో రోడ్డు ఉపరితలం. 'సబ్‌వే' లండన్‌లో రోడ్డు కింద నడిచే దారి, న్యూయార్క్‌లో మెట్రో రైలు. బ్రిటన్‌లో 'ఫస్ట్ ఫ్లోర్' మనలాగే నేల అంతస్తు మీదిది, అమెరికాలో సాధారణంగా నేల అంతస్తే. మనకు అపార్టుమెంట్లలో ఒక భవనాన్ని సూచించే 'బ్లాక్', న్యూయార్క్‌లో దారి చెప్పేవారి నోట ఒక అడ్డవీధి నుంచి మరో అడ్డవీధికి ఉన్న దూరమవుతుంది. మన్‌హాటన్‌లో ఉత్తర దక్షిణాలుగా నడిస్తే సుమారు 20 బ్లాకులు ఒక మైలు.

బొమ్మల కోసమైనా ఈ పుస్తకం కొనదగినదే. మా అమ్మాయి ఇక్కడ వదిలి వెళ్లిన ప్రతిలో, తేడా ఉన్న ప్రతి మాట పక్కనా పెన్సిలుతో 'బ్రి' అనో 'అ' అనో రాసి, వచ్చే నెల డల్లాస్ వెళ్లే మేనల్లుడి కోసం పక్కన పెట్టాను.