ఫుల్ స్పెక్ట్రమ్ కెమెరా సెట్: కెమెరా భేష్, టార్చి తుస్సు

పాత పెయింటింగులు, రాతప్రతులు ఫొటోలు తీసి రికార్డు చేయడం నా పని. వాటిని గీకకుండా, తాకకుండా పై పొర కింద ఏముందో చూడాలని ఈ సెట్ కొన్నాను. ఫుల్ స్పెక్ట్రమ్‌గా (అంటే కంటికి కనిపించని అతినీలలోహిత, పరారుణ కాంతిని కూడా పట్టేలా) మార్చిన మిర్రర్‌లెస్ కెమెరా, ఒక జూమ్ లెన్స్, 830, 1000 నానోమీటర్ల ఫిల్టర్లు (దాదాపు ఆ తరంగదైర్ఘ్యం దాటిన పరారుణాన్నే లోపలికి వదిలేవి), 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి ఇచ్చారు.

కెమెరాకి వంక పెట్టలేను. మామూలు కెమెరాల్లో సెన్సర్ ముందు పరారుణ కాంతిని ఆపే గాజుపలక ఉంటుంది. ఇందులో దాన్ని తీసేశారు, అంతే. మన కన్ను 700 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, సిలికాన్ సెన్సర్ 1000 దాటి కాస్త దూరం చూస్తుంది. 1000 ఫిల్టర్ బిగించి ఒక పాత దస్తావేజు ఫొటో తీశాను. ఐరన్ గాల్ సిరాతో (ఇనుప లవణం, చెట్ల మీది కాయల్లాంటి బుడిపెల రసం కలిపి చేసే పాతకాలం సిరా) రాసిన వరుసలు దాదాపు మాయమయ్యాయి. మధ్యలో ఎవరో మసి సిరాతో దిద్దిన అంకెలు మాత్రం నల్లగా అలాగే ఉన్నాయి. మామూలు వెలుతురులో చూస్తే రెండు సిరాలకీ తేడా తెలీదు. ఈ ఒక్క పని కోసమే కొన్నా నష్టం లేదనిపించింది.

పెయింటింగుల దగ్గర మాత్రం ఆశ తగ్గించుకోవాలి. రంగు పలచగా ఉన్నచోట బొగ్గుతో గీసిన తొలి గీతలు బాగానే కనిపిస్తాయి. అజురైట్ నీలం, మలకైట్ ఆకుపచ్చ కిందికి వెళ్లడం దీనివల్ల కాదు. 1960ల్లో డచ్ శాస్త్రవేత్త వాన్ ఆస్పెరెన్ ద బూర్ సుమారు 2000 నానోమీటర్ల దాకా వెళ్లింది ఇందుకే. అలాంటి పనికి ఇండియం గాలియం ఆర్సెనైడ్ సెన్సర్లు ఉన్నాయి, వాటి ధర వింటే గుండె ఆగుతుంది. ఎర్ర సుద్దతో గీసిన గీతలైతే పరారుణంలో కనిపించవు.

ఇంకో సంగతి. తెల్ల ఎల్‌ఈడీ లైట్లలో పరారుణం దాదాపు ఉండదు కాబట్టి హాలోజన్ దీపం పెట్టాలి, అది వేడెక్కుతుంది. వస్తువుకి హాని లేని పద్ధతి అంటారు గానీ, పాత కాగితానికి వేడీ వెలుతురూ రెండూ పడవు. దీపాన్ని దూరంగా పెట్టి, కెమెరాలో ఎక్స్‌పోజర్ సమయం పెంచుకోవడమే మేలు.

ఇక టార్చి. పెట్టె మీద 365 అని ఉంది, వెలిగిస్తే ఊదా నీలం వెలుగు కూడా ధారాళంగా వస్తోంది. ఆ కనిపించే వెలుగుని ఆపే నల్ల గాజు ఫిల్టర్ విడిగా కొని టార్చికి తగిలించాకే పాత సహజ వార్నిష్ ఆకుపచ్చ కలిసిన పసుపులో మెరిసింది, తర్వాతెప్పుడో దిద్దిన చోట్లు ముదురు మచ్చలుగా బయటపడ్డాయి. ఈ ఫొటోలకి లెన్స్ మీద అతినీలలోహితాన్నీ పరారుణాన్నీ ఆపే ఫిల్టర్ కూడా తప్పనిసరి, ఎందుకంటే ఈ సెన్సర్ ఆ రెండింటినీ పట్టేస్తుంది. అది సెట్‌లో లేదు. కళ్లకి రక్షణగా పెట్టుకునే అద్దాలూ లేవు! అతినీలలోహిత దీపం అమ్మేటప్పుడు అవి ఇవ్వకపోవడం ఏం పద్ధతో.

జూమ్ లెన్స్‌తో పరారుణ ఫొటోల మధ్యలో తెల్లటి మరక వస్తోంది. నా పాత 50 ఎంఎం లెన్స్‌తో ఆ బాధ లేదు.

నాణేలు, శాసనాలు చూసేవాళ్లు దీని జోలికి రావద్దు. మామూలు కెమెరా, చుట్టూ జరిపే ఒక లైటు, నున్నటి నల్ల గోళం ఉంటే ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్, అంటే లైటుని రకరకాల కోణాల్లో పెట్టి తీసిన ఫొటోలని కలిపి ఉపరితలం ఎత్తుపల్లాలు చూపించే పద్ధతి) చేసుకోవచ్చు. ఆంటికిథెరా యంత్రం (గ్రహాల గతులు లెక్కగట్టే ప్రాచీన గ్రీకు పళ్లచక్రాల పరికరం) మీది అరిగిపోయిన అక్షరాలు చదవడానికి 2005లో ఈ తరహా పద్ధతినే వాడారు.

కెమెరాకి నాలుగున్నర స్టార్లు, టార్చికి ఒకటి. కెమెరా విడిగా అమ్మితే అదొక్కటే తీసుకోండి.