నెక్టార్ పాయింట్లతో హైదరాబాద్ విమానం: సెయిన్స్‌బరీస్ బోనస్ ఆఫర్ల సమీక్ష

బ్రిటన్‌లో సెయిన్స్‌బరీస్ దుకాణంలో నెక్టార్ అనే ఉచిత సభ్యత్వ కార్డు చూపించి సరుకులు కొంటే వచ్చే పాయింట్లను 2021 జనవరి నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి ఏవియోస్‌గా, అంటే విమాన టికెట్లకు వాడుకునే పాయింట్లుగా, మార్చుకునే వీలు ఏర్పడింది. లండన్ హీత్రూ నుంచి హైదరాబాదుకు నేరుగా విమానం నడిపే సంస్థ కాబట్టి, ఇక్కడి తెలుగు కుటుంబాలకు ఈ పథకం మీద ఆసక్తి కలగడం సహజమే. పాలూ గుడ్లూ కొంటూనే ఊరికి పోయి రావచ్చట అని ఒకరు చెప్పగా విని మరొకరు కార్డు తీసుకోవడం తరచుగా కనిపిస్తుంది. పథకం మంచిదే గానీ, ఆ మంచి అంతా మామూలు పాయింట్లలో కాక కొన్ని సరుకుల మీద ఇచ్చే బోనస్ పాయింట్లలోనే ఉంది; అది కూడా లెక్క చూసుకుని కొనేవారికే దక్కుతుంది.

ముందు మామూలు పాయింట్ల సంగతి చూద్దాం. దుకాణంలో పెట్టే ప్రతి పౌండు ఖర్చుకు ఒక పాయింటు వస్తుంది. 2015కు ముందు రెండు వచ్చేవి, ఆ ఏడాది దాన్ని సగానికి తగ్గించారు. 400 పాయింట్లు ఇస్తే 250 ఏవియోస్ వస్తాయి. వారానికి 80 పౌండ్ల సరుకులు కొనే ఇల్లు ఏడాది మొత్తం మీద 4,160 పౌండ్లు ఖర్చు పెట్టి అన్నే పాయింట్లు సంపాదిస్తుంది. వాటిని 400 చొప్పున మారిస్తే 2,500 ఏవియోస్ చేతికి వచ్చి 160 పాయింట్లు మిగులుతాయి. హైదరాబాదుకు పోయి రావడానికి మనిషికి కావలసిన ఏవియోస్ ఎకానమీ తరగతిలోనే పదుల వేలల్లో ఉంటాయి. పోలిక కోసం చెప్పాలంటే, 2023 అక్టోబరు నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన విమానాల మీద టికెట్టులో పన్నులు పోగా మిగిలే ప్రతి పౌండుకు మామూలు సభ్యులకు 6 ఏవియోస్ ఇస్తోంది. అంటే 500 పౌండ్ల ఛార్జీతో ఒక్కసారి ప్రయాణిస్తే వచ్చే 3,000 ఏవియోస్, ఏడాది పొడవునా మోసిన సరుకుల సంచుల కంటే ఎక్కువ. నలుగురున్న ఇల్లు ఈ మామూలు పాయింట్లనే నమ్ముకుంటే, పిల్లల చదువులు పూర్తయి వాళ్లే మనకు టికెట్లు కొనే రోజు ముందుగా వస్తుంది.

అసలు విషయం బోనస్ ఆఫర్లలో ఉంది. నెక్టార్ యాప్‌లో ప్రతి వారం ఒక్కొక్కరికి విడివిడిగా, వారు గతంలో కొన్న సరుకులను బట్టి కొన్ని ఆఫర్లు కనిపిస్తాయి: ఫలానా పెరుగు డబ్బాకు 50 పాయింట్లు, ఫలానా బట్టల సబ్బు ద్రవానికి 200 పాయింట్లు అన్నట్టుగా. కొనే ముందే యాప్ తెరిచి ఆ ఆఫర్‌ను నొక్కి సేవ్ చేసుకోవాలి. ఆ పని చేయకుండా సరుకు కొని బిల్లు కట్టేస్తే బోనస్ రాదు. ఊదారంగు చీటీతో అరల మీద కనిపించే నెక్టార్ ధర మాత్రం వేరే సంగతి. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఆ తగ్గింపుకు కార్డు చూపిస్తే చాలు, ముందుగా నొక్కవలసిందేమీ లేదు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల, కార్డు చూపించాం కదా, బోనస్ కూడా పడే ఉంటుందిలే అని ఊరుకునేవారు చాలామంది ఉన్నారు. యాప్ రూపకర్తలు ఆఫర్లన్నింటినీ వాటంతట అవే అమలయ్యేలా పెట్టి ఉంటే ఈ తికమక ఉండేది కాదు. అయితే అలా పెడితే జనం ప్రతి వారం యాప్ తెరవరు, తెరిపించడమే వారికి కావలసిన పని.

బోనస్ విలువను పౌండ్లలోకి మార్చి చూడటం అలవాటు చేసుకోవాలి. దుకాణంలోనే ఖర్చు పెడితే 200 పాయింట్లకు ఒక పౌండు తగ్గుతుంది. ఉదాహరణకు 9 పౌండ్ల బట్టల సబ్బు ద్రవం మీద 200 పాయింట్లు ఇస్తామన్నారనుకుందాం. అంతే పని చేసే సరుకు చవక దుకాణాలైన ఆల్డీలోనో లిడిల్‌లోనో 6 పౌండ్లకు దొరుకుతుంటే, ఒక పౌండు విలువైన పాయింట్ల కోసం మూడు పౌండ్లు అదనంగా ఇచ్చినట్టే. అదే సరుకు ఆ వారం నెక్టార్ ధరలో 6 పౌండ్లకే వచ్చి, దాని మీద మళ్లీ 200 పాయింట్లు కలిస్తే నిస్సందేహంగా కొనవచ్చు. ఇలా తగ్గింపు, బోనస్ ఒకే సరుకు మీద కలిసిన వారాల్లో పాడవని వస్తువులను రెండు మూడు ఎక్కువగా తెచ్చి పెట్టుకోవడమే ఈ పథకంలో నాకు కనిపించిన నిజమైన లాభం.

మన వంటింటికి ఈ పథకం అంతగా అతకదన్న సంగతి కూడా చెప్పాలి. కందిపప్పు, సోనా మసూరి బియ్యం సంచి, చింతపండు, గోంగూర, కరివేపాకు వంటివి లండన్‌లోని హౌన్స్‌లోలోనో ఈస్ట్ హామ్‌లోనో ఉన్న మన దుకాణాల్లో కొంటాం గనుక, తెలుగు ఇంటి సరుకుల ఖర్చులో పెద్ద భాగానికి నెక్టార్ పాయింట్లే రావు. సెయిన్స్‌బరీస్‌లో మనం కొనేవి ఎక్కువగా పాలు, గుడ్లు, కూరగాయలు, పిల్లల డైపర్లు, సబ్బులు. బోనస్ ఆఫర్లలో కూరగాయల కంటే పేరున్న కంపెనీల ప్యాకెట్లే ఎక్కువ. చంటిపిల్లలున్న ఇళ్లలో బాగా ఖర్చయ్యే తొలి దశ ఫార్ములా పాలకైతే పాయింట్లు అసలే లేవు. తల్లిపాలకు బదులు వాటిని కొనమని ప్రోత్సహించకూడదన్న బ్రిటన్ చట్టం అందుకు కారణం. ఆ చట్టం సమంజసమైనదే.

సరుకుల మీద విమాన మైళ్లు (ఏవియోస్ లాంటి పాయింట్లే) అనగానే పాతవారికి గుర్తొచ్చేది 1999లో అమెరికాలో జరిగిన ఉదంతం. హెల్దీ ఛాయిస్ కంపెనీ తన సరుకుల బార్‌కోడ్‌లు పది పంపితే 500 మైళ్లు, తొలి నెలలో పంపితే 1,000 మైళ్లు ఇస్తామని ప్రకటించింది. కాలిఫోర్నియాకు చెందిన డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు అదే కంపెనీ పుడ్డింగు కప్పులు 25 సెంట్లకే దొరుకుతున్నాయని గమనించి, సుమారు 3,140 డాలర్లతో 12,150 కప్పులు కొని, పన్నెండు లక్షలకు పైగా మైళ్లు సంపాదించారు. కప్పుల మీది చీటీలు ఊడదీసేందుకు సాల్వేషన్ ఆర్మీ అనే సేవా సంస్థ సహాయం తీసుకుని, పుడ్డింగును వారికే దానంగా ఇచ్చారు. రెండున్నర డాలర్లకు 1,000 మైళ్లు అంటే మైలు ఖరీదు పావు సెంటు. నెక్టార్ ఆఫర్లలో అటువంటి కన్నం దొరకదు. ఒక్కొక్కరి కొనుగోళ్లను చూసి వ్యక్తిగతంగా ఇచ్చే ఆఫర్లు కాబట్టి గంపగుత్తగా దండుకునే అవకాశమే ఉండదు.

సంపాదించిన పాయింట్లను మార్చాలా, దుకాణంలోనే వాడాలా అన్నది తరువాతి ప్రశ్న. 400 పాయింట్లు దుకాణంలో 2 పౌండ్లకు సమానం; వాటికి వచ్చేది 250 ఏవియోస్. కాబట్టి ఒక్కో ఏవియోస్‌ను 0.8 పెన్నీలకు కొంటున్నట్టే. నగదు టికెట్టు ధరలోంచి ఏవియోస్ టికెట్టుకు ఎలాగూ కట్టవలసిన రుసుములు తీసేసి, మిగిలిన మొత్తాన్ని ఖర్చయ్యే ఏవియోస్‌తో భాగిస్తే వచ్చేది 0.8 పెన్నీలకు మించాలి. ఊహకు చెబుతున్న అంకెలే గానీ, 700 పౌండ్ల టికెట్టుకు బదులు 50,000 ఏవియోస్, 200 పౌండ్లు అడిగితే ఏవియోస్ ఒక పెన్నీకి చెల్లినట్టు, మార్చవచ్చు. అదే టికెట్టు రద్దీలేని ఫిబ్రవరిలో 500 పౌండ్లకు దొరుకుతుంటే 0.6 పెన్నీలే, అప్పుడు టికెట్టు డబ్బిచ్చి కొని, పాయింట్లతో సరుకులు తెచ్చుకోవడమే మేలు. ఏవియోస్‌ను వెనక్కి నెక్టార్‌గా మార్చే దారి కూడా ఉంది గానీ, అటూ ఇటూ తిప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ లెక్క ప్రకారం ఏవియోస్‌కు మంచి విలువ వచ్చేది బడి సెలవుల్లోనే, అంటే జులై, ఆగస్టు, క్రిస్మస్ వారాల్లో. చిక్కల్లా అందరికీ సెలవులు అప్పుడే కావడం. ఏవియోస్ సీట్లు ప్రయాణానికి 355 రోజుల ముందు తెరుచుకుంటాయి, తిరుగు ప్రయాణం సీట్లు దాని తేదీని బట్టి ఇంకా ఆలస్యంగా వస్తాయి కాబట్టి రెండింటినీ విడివిడిగా పట్టుకోవలసి వస్తుంది. సంక్రాంతికి పోదామని దసరా నాడు వెతికేవారికి ఈ పథకం పెద్దగా పనికిరాదు. హీత్రూ విమానంలో దొరకకపోతే, కతార్ ఎయిర్‌వేస్ కూడా ఏవియోస్‌నే వాడుతుంది గనుక, ఖాతాలు కలుపుకుని దోహా మీదుగా హైదరాబాద్ చేరే సీట్లు చూడవచ్చు. మరో సూపర్‌మార్కెట్ టెస్కో వారి క్లబ్‌కార్డ్ పాయింట్లను వర్జిన్ అట్లాంటిక్ విమాన సంస్థకు మార్చుకోవచ్చు గానీ ఆ సంస్థ హైదరాబాదుకు నడపదు.

ఒకే చిరునామాలో ఉన్న ఏడుగురి వరకు ఏవియోస్‌ను ఉమ్మడి ఖాతాలో జమ చేసుకునే ఏర్పాటును భార్యాభర్తలు తప్పక వాడుకోవాలి; విడివిడిగా ఉంటే ఎవరి ఖాతాలోనూ టికెట్టుకు సరిపడా చేరవు. పాయింట్లను వాటంతట అవే ఏవియోస్‌గా మార్చే సదుపాయాన్ని మాత్రం నేను ఆపి ఉంచాను, ఎందుకంటే ఏ సీటు దొరుకుతుందో తెలియకముందే వాటిని మార్చి పెట్టుకోనవసరం లేదు. ఏవియోస్ ఖాతాలో 36 నెలలు ఎటువంటి కదలికా లేకపోతే ఉన్నవన్నీ రద్దవుతాయి. ఊరికి పోవడం బాగా ఆలస్యమయ్యేవారు ఏడాదికొకసారి 400 పాయింట్లు అటు పంపితే ఖాతా బతికే ఉంటుంది.