దమ్ము మానడానికి జిమ్మా, పది నిమిషాల నడకా?

జిమ్‌లో చేరితే సిగరెట్ దానంతటదే పోతుందని బెంగళూరు మారతహళ్లి పీజీల్లో మన కుర్రాళ్లు చాలామంది గట్టిగా నమ్ముతారు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టేస్తారు కూడా. ఒంటికి మంచిదే, కాదనను. కానీ మానాల్సింది సిగరెట్ అయితే నా ఓటు జిమ్‌కి కాదు. మనసు దమ్ము మీదికి లాగినప్పుడే లేచి నడిచే పది నిమిషాలకి.

ఎందుకంటే జిమ్ ఉండేది సాయంత్రం ఏడింటికి. యావ పుట్టేది పొద్దున పదకొండింటికి, ఆఫీసులో రోజూ జరిగే చిన్న స్టాండప్ మీటింగ్ అయిపోయి, లిఫ్ట్ దిగి బేకరీ ముందు నిలబడినప్పుడు. చేతిలో చిన్న గ్లాసుతో టీ, పక్కన పొగ వదులుతూ టీమ్ వాళ్లు, గల్లాపెట్టె పక్కన దారానికి వేలాడుతూ లైటరు. ఆ ఐదు పది నిమిషాలు గట్టెక్కితే యావ చాలావరకు సద్దుమణుగుతుంది. సాయంత్రం ఎత్తబోయే బరువులు ఆ పూట అక్కరకు రావు.

2007లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. పొగతాగేవాళ్లని కాసేపు సిగరెట్ ముట్టనివ్వకుండా ఉంచి, కొందరిని పావుగంట చురుగ్గా నడిపించారు, మిగతావాళ్లని ఊరికే కూర్చోబెట్టారు. నడిచినవాళ్లకి యావ తగ్గింది. అంతేకాదు, వాళ్లు తర్వాతి సిగరెట్ ముట్టించడం సగటున గంట దాకా వెనక్కి జరిగింది. చెమటలు కక్కేలా పరిగెత్తక్కర్లేదు, బస్సు అందుకోవడానికి నడిచే నడక చాలు.

అలాగని నడకొక్కటే సిగరెట్ మాన్పిస్తుందని చెప్పను. వైద్య పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి తూచి చూసే కాక్రేన్ సంస్థ 2019లో తెచ్చిన సమీక్ష 24 ట్రయల్స్, ఏడు వేలమందికి పైగా మనుషుల ఫలితాలు చూసింది. మామూలు కౌన్సెలింగుకి వ్యాయామం జోడిస్తే ఆరు నెలల తర్వాత కూడా మానేసి ఉన్నవాళ్లు పెరిగారనడానికి ఆధారం దొరకలేదు. అంటే నడక ఆ పూట యావని ఆపుతుంది, అలవాటుని వేళ్లతో పెకలించదు.

ఆ పనికి నికోటిన్ గమ్ము, చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచీ మేలు. ఇవి వాడితే మానగలిగే అవకాశం యాభై, అరవై శాతం పెరుగుతుంది. అయితే గమ్‌ని బబుల్‌గమ్‌లా నమిలేస్తే పని చేయదు. నాలుక చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. టీ, కాఫీ తాగాక పావుగంట ఆగాలి, లేకపోతే నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు. ‘గమ్ వేసుకున్నా లాభం లేదు’ అనేవాళ్లని అడిగి చూడండి, టీతో పాటే నమిలి ఉంటారు. కాబట్టి రోజుకో పెట్టె తాగేవాళ్లు డాక్టర్ని అడిగి గమ్, నడక రెండూ పట్టుకోవాలి. రోజుకి రెండు మూడు తాగేవాళ్లు ముందు నడకతో మొదలుపెట్టొచ్చు.

జిమ్ గెలిచేది బరువు దగ్గర. సిగరెట్ మానిన ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. ఆ భయంతోనే మళ్లీ మొదలుపెట్టేవాళ్లున్నారు, వాళ్లకి జిమ్ తప్పకుండా పనికొస్తుంది. కానీ ‘జిమ్‌కి వెళ్తున్నాగా, రెండు లాగితే ఏమవుతుంది’ అనే మాట వింటే నాకు బాధేస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. ట్రెడ్‌మిల్ మీద ఆయాసపడేది అందుకే.

నడిచేటప్పుడు బేకరీ వైపు గేటు వద్దు. క్యాంపస్ లోపలే తిరగండి, లేదా మెట్లెక్కండి. సెలవు రోజుల్లో అగర చెరువు గట్టు ఉండనే ఉంది. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టరుకి చూపించుకోవాలి. ఒంటరిగా నెగ్గలేమనిపిస్తే 1800-11-2356కి ఫోన్ చేయండి. అది పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ క్విట్‌లైన్, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.