అమెరికన్లకు వేరే చోటా, ఉమ్మడి చోటా?

ఆంగ్ల అంతర్జాలంలో కెనడా, ఆస్ట్రేలియా వారికి సొంత చర్చాస్థలాలు కనిపిస్తుండగా, అందరికంటే ఎక్కువగా వినిపించే అమెరికన్లకు అలాంటివి అంతగా కనిపించకపోవడం వింతగా తోస్తుంది గాని, నిజానికి ఏ దేశం పేరూ పెట్టని ఉమ్మడి చోటే వారిదైపోయింది. వెబ్ చిరునామాల్లోనూ ఇదే తీరు: అమెరికాకు గుర్తుగా చిరునామా చివర వాడే డాట్ యూఎస్ 1985లో ఏర్పడినా అక్కడి సంస్థలు ఎక్కువగా డాట్ కామ్‌నే ఎంచుకోగా, జర్మనీ వారు తమ దేశపు డాట్ డీఈకి అలవాటుపడ్డారు. (మొదట వచ్చినవారికి పేరు అక్కర్లేదన్నట్టు, తపాలా బిళ్లలకు 1840లో ఆద్యురాలైన బ్రిటన్ నేటికీ వాటిపై తన పేరు ముద్రించదు.)

మరి అమెరికన్లు తమకంటూ వేరే చోటు పెట్టుకోవడం మేలా, ఉమ్మడి చోటే కొనసాగడం మేలా? రెండింటినీ పోల్చి చూద్దాం.

శ్రమ: ఉమ్మడి చోట జనం ముందే ఉంటారు, వేరే చోటుకు నిర్వాహకులను, నియమాలను, అన్నిటికంటే కష్టంగా, రావడానికి ఒక కారణాన్ని వెతకాలి.

ఖర్చు: రెండింటా డబ్బు కంటే సమయమే ఎక్కువ.

చిక్కు: ఉమ్మడి చోట "బయట 70 డిగ్రీలు, హాయిగా ఉంది" అని ఒకరు రాస్తే, అది ఫారెన్‌హీట్ అని, అంటే సుమారు 21 సెల్సియస్ అని మిగతావారే ఊహించుకోవాలి, 03/04 అంటే మార్చి 4 అని కూడా వారే గ్రహించాలి. వేరే చోట ఈ ఇబ్బంది ఉండదు గాని, రాజకీయ పార్టీల తగవు మిగతా మాటలన్నిటినీ మింగేసే ప్రమాదముంది.

అనువు: ప్రోగ్రామింగ్, ఫొటోగ్రఫీ వంటి వాటికి ఉమ్మడి చోటే మేలు. ఆదాయపు పన్ను, ఆరోగ్య బీమా వంటి అక్కడి చట్టాల ప్రశ్నలకు వేరే చోటే తగినది, అదీ దేశం మొత్తానికి కాక రాష్ట్రానికొకటిగా ఉంటే ఇంకా ఉపయోగం.