గీరుకుపోయిన మోకాలికి కాలెండులా మదర్ టింక్చర్

హోమియో షాపులో ఊరికే కాలెండులా అంటే మాత్రలు కూడా చేతిలో పెడతారు. పైపూతకి కావలసింది మదర్ టింక్చర్, అంటే మొక్కని ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన ద్రవం. లేబుల్ మీద పేరు పక్కన ‘క్యూ’ (Q) ఉందో లేదో చూసి తీసుకోండి. పూల సారం నిజంగా ఉండేది ఇందులోనే. 30 పొటెన్సీ అంటే వందో వంతు చొప్పున ముప్ఫైసార్లు పలచన చేసింది, అందులో పువ్వు తాలూకు అణువు మిగిలే అవకాశమే లేదు.

ఇది మన పెరటి బంతి కాదు. తెగిన చోట బంతి ఆకు పసరు పిండే అలవాటు మనకుంది కాబట్టి చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. కాలెండులా దక్షిణ యూరప్ మొక్క. అక్కడ దాని ఎండు రేకులు వెన్నకీ జున్నుకీ రంగు తెచ్చేవి, పువ్వుతో కాచిన లేపనం పుళ్లకి పూసేవారు. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ చిన్న గాయాలకి, చర్మం మంటకి, నోటి పూతకి దీన్ని ఒప్పుకున్నది కూడా ఆ పాత వాడుక ఆధారంగానే. క్లినికల్ పరీక్షల రుజువు మీద కాదు.

ఎక్కువమంది చేసే తప్పు, సీసాలోంచి నేరుగా గాయం మీద పోయడం. అందులో ఉన్నది ఆల్కహాల్; పిల్లలు కెవ్వుమంటారు, పచ్చి చర్మం ఇంకా దెబ్బతింటుంది. ముందు గాయాన్ని సబ్బు నీళ్లతో కడిగి మట్టి, ఇసుక పోగొట్టండి. కాచి చల్లార్చిన నీళ్లు 50 మి.లీ.లో ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. కలపండి. నీళ్లు కాస్త మసకబారితే కంగారు వద్దు, ఆల్కహాల్‌లో కరిగిన జిగురు నీళ్లలో విడిపోతుంది, అంతే. శుభ్రమైన గాజ్ గుడ్డ తడిపి పది నిమిషాలు వేసి ఉంచండి, రోజుకి రెండు మూడుసార్లు. గుడ్డ ఎండి అంటుకుపోతే లాగొద్దు, మానుతున్న పొర లేచివస్తుంది. మళ్లీ తడిపి తీయండి. మిగిలిన నీళ్లు రేపటికి దాచొద్దు.

30 మి.లీ. సీసా ఇలా ఆరుసార్లకి వస్తుంది. అంతకంటే పెద్దది అడిగి లాభం లేదు: ఆల్కహాల్ 12 శాతం దాటిన హోమియో మందుని చిల్లరగా 30 మి.లీ. మించి అమ్మకూడదని నిబంధన. పొయ్యి దగ్గర మాత్రం పెట్టొద్దు.

పైపై గీతలకి, చెప్పు కరిచిన చోటికి తప్పకుండా కొనదగ్గదే. మేకు దిగిన గాయానికి, కుక్క కాటుకి, షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండుకి మాత్రం దీన్ని నమ్ముకుని డాక్టరు దగ్గరికి వెళ్లడం ఒక్క పూట కూడా ఆలస్యం చేయొద్దు. చామంతి, వయ్యారిభామ పడనివాళ్లకి ఇదీ పడకపోవచ్చు, అన్నీ ఒకే కుటుంబం. మోచేతి లోపలివైపు పైన చెప్పినట్టు కలిపిన నీళ్లు ఒక చుక్క రాసి, ఒక రోజు ఆగి చూడండి.